రొట్టె పళ్ళెం, పది గోళ్ళు

మా అమ్మాయి ఇవాళ మధ్యాహ్నం ఫోను తెచ్చి నా ముక్కు ముందు పెట్టింది. అందులో ఒకమ్మాయి చిన్న గిన్నెలో పంచదార వేసి, కొబ్బరినూనె పోసి, నిమ్మచెక్క పిండి, ఆ ముద్దతో గోళ్ళ చుట్టూ రుద్దుకుంటోంది. ఇంట్లోనే చేసుకునే గోళ్ళ స్క్రబ్బట. మొన్నమొన్ననే ఎవరో కనిపెట్టారట. నాకు నవ్వాగలేదు. అమ్మాయికి కోపం వచ్చింది. సర్దుకుని, గోటి పక్క చర్మం చీలి ఉంటే నిమ్మకాయ వాడకూడదని చెప్పాను. పంచదార కాస్త నలగ్గొట్టకపోతే గీరుకుపోతుందనీ, గోటి మొదట్లో చర్మాన్ని కత్తిరించకుండా వెనక్కి నెట్టాలనీ కూడా చెప్పాను. సెల్‌ఫోన్లు బాగుచేసుకునే నాన్నకు ఇవన్నీ ఎవరు నేర్పారని అది నన్ను అనుమానంగా చూసింది.

నేర్పినావిడ బస్ కాంప్లెక్సు వెనక సందులో ఉండేది. ప్రభువు దగ్గరకు వెళ్ళి నాలుగేళ్ళయింది. పేరు సంఘం రిజిస్టరులో ఉంది గానీ, పసిపిల్లల దగ్గర నుంచి మా పాస్టరు అయ్యగారి దాకా అందరికీ ఆవిడ మామ్మే. ప్రభుత్వాసుపత్రిలో ఆయాగా చేసి రిటైరయింది. సన్నటి మనిషి, తెల్ల చీర, దారం కట్టిన కళ్ళజోడు. ఎదుటివాళ్ళ మొహం చూసి పలకరించే అలవాటు ఆవిడకు లేదు. ముందు చేతులు చూసేది, తరువాత మొహం.

"మొగం నవ్వమంటే నవ్వుద్ది. గోరికి నటన రాదు" అనేది.

నిజంగానే గోళ్ళు చూసి మనిషి సంగతి చెప్పేది. పాటలు ఎత్తుకునే సువార్తమ్మగారి గోళ్ళు కొరికి ఉంటే, పరీక్ష రాసిన కొడుక్కి రిజల్టు రాలేదా అని అడిగింది. ఒక పెళ్ళికూతురి గోళ్ళ మీద అడ్డంగా గీతలు చూసి, మూడు నెలల క్రితం జ్వరం వచ్చిందా అంది. వచ్చిందట, టైఫాయిడు. ప్రవక్తలున్న కాలంలో పుట్టి ఉంటే ఈవిడ గోళ్ళ మీద ఒక గ్రంథమే రాయించి ఉండేదని మా అయ్యగారు అనేవారు, ఆవిడ వినకుండా.

శనివారం మధ్యాహ్నం మామ్మ అరుగు మీద గోళ్ళ కచేరీ. గోరువెచ్చని ఉప్పునీళ్ళ గిన్నెలో చేతులు ముంచాలి. ఎంతసేపంటే, మూడు చరణాల పాట ఒకటి పూర్తయ్యేంతసేపు. చరణం మింగేసి తొందరగా చేతులు తీసిన వాళ్ళను మళ్ళీ పల్లవి దగ్గర నుంచి పాడించేది. తరువాత పంచదార, కొబ్బరినూనె, నిమ్మచెక్క. మెత్తటి పాత టూత్‌బ్రష్షుతో గోటి చుట్టూ గుండ్రంగా రుద్దడం. నమిలి మెత్తబరిచిన వేపపుల్లతో గోటి కింద తియ్యడం. కత్తిరించాక అగ్గిపెట్టె పక్కనుండే గరుకు మీద అంచు నున్నగా రాయడం. చివర్న ఒక్కో గోటికి ఒక్కో చుక్క ఆముదం. ఇన్ని చేసి, గోళ్ళ రంగు సీసా మాత్రం అరుగు ఎక్కనిచ్చేది కాదు. రంగు పాపమని అయ్యగారు ప్రసంగించారు గనక కాదు. రంగు వేస్తే లోపల ఏముందో తనకు కనబడదని.

ఈ హడావిడి అంతా ఎందుకంటే, ప్రతి నెలా మొదటి ఆదివారం మా సంఘంలో ప్రభు బల్ల, అంటే ప్రభువును తలుచుకుని అందరం రొట్టె తీసుకునే ఆరాధన. దానికి రొట్టె కాల్చేది మామ్మ. శనివారం సాయంత్రం పులియని పిండి కలిపి, పెనం మీద కాల్చి, తెల్లగుడ్డలో చుట్టి, తెల్లారి గుడి పక్కగది గుమ్మం దగ్గర పళ్ళెంతో నిలబడేది. అయ్యగారు ప్రార్థన చేసి విరిచాక ఆ రొట్టెను పంచడానికి ముగ్గురుంటారు. ఆ ముగ్గురూ, వాళ్ళతో పాటు అయ్యగారూ, గుమ్మం దగ్గర పది వేళ్ళూ చూపించి లోపలికి వెళ్ళాలి. ఏ కమిటీ తీర్మానమూ లేదు. మామ్మ చూపించమంది, చూపించారు, అది ఆచారమైపోయింది.

"అయ్యగోరు ప్రార్దన సేసీదాకా ఇది నా రొట్టె. తరవాత ప్రభువుది" అనేది.

ఒకసారి విశాఖపట్నం నుంచి పెద్ద ప్రసంగీకులు ఒకరు వచ్చారు. కోటు, బూట్లు, వెనక బ్యాగు మోసే మనిషి. మామ్మ ఆయన బొటనవేలు తిప్పి చూసి, కోడికూరా అని అడిగింది. యలమంచిలిలో ఎవరో విశ్వాసి ఇంట్లో టిఫిను చేసి వచ్చారు మరి. ఆయన్ను కుళాయి దగ్గరకు పంపి, సబ్బు కూడా చేతికిచ్చింది. ఆయన ఆ రోజు మనిషి తనను తాను తగ్గించుకోవడం గురించి గంట మాట్లాడారు. ఆడవాళ్ళ వరసలో సగం మంది కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

నేను పాయకరావుపేట నుంచి వచ్చి ఇక్కడ షాపు పెట్టుకున్న రోజుల్లో నాకు రెండు గర్వాలుండేవి. ఒకటి, ఏ మాటకైనా అధ్యాయం, వచనంతో సహా వాక్యం చెప్పగలను. రెండోది, నా ఎడమచేతి చిటికెన వేలి గోరు. అప్పటి ఫోన్లకు వెనక మూత ఊడదీయాలి కదా. దానికి ఆ గోటిని మించిన పనిముట్టు లేదు. రొట్టె పంచే ముగ్గురిలో ఒకడిగా అయ్యగారు నా పేరు చదివిన శనివారం, మామ్మ అరుగు మీదికి మొదటిసారి వెళ్ళాను.

"ఏట్రా అది?" అంది నా చిటికెన వేలు పట్టుకుని. "బబులోను రాజుకి సుట్టానివా?"

పిచ్చెక్కి, గడ్డి మేసి, గోళ్ళు పక్షి గోళ్ళలా పెరిగిన ఆ రాజు కథ అరుగు మీదున్న అందరికీ తెలుసు. అందరూ నవ్వారు. ఫోను మూత తియ్యడానికండీ మామ్మగారూ అన్నాను. మామ్మ వినిపించుకోలేదు. కటుక్కుమని చప్పుడయింది. జుట్టుతో పాటు బలమూ పోగొట్టుకుని లేచిన సమ్సోనుకు ఎలా ఉండి ఉంటుందో నాకు ఆ క్షణాన అర్థమైంది.

ఉక్రోషం ఆగక వాక్యం తీశాను. చేతులు కడుక్కోవడం గురించి గొడవ పెట్టిన పరిసయ్యులను ప్రభువే గద్దించాడు, మరి మీ పద్ధతి ఎవరి పద్ధతి అని అడిగాను. మామ్మ వేపపుల్ల ఆపలేదు.

"ఆల్లు సేతులు కడుక్కున్నందుకా తిట్టింది? కడుక్కోనోల్లని సూసి మూతి ముడిసినందుకు తిట్టేడు. సదువుకున్నోడివి, మల్లీ సదువు."

తరువాత తనే, ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగిన రోజున పేతురు చేతులు కూడా కడగమని అడిగాడా లేదా అని నన్ను అడిగింది. అడిగాడన్నాను.

"కడిగేడా? కడగలేదు. కాల్లు కడిగి సేతులు ఒగ్గీసేడు. ఆ మిగిలిన పని నాది."

ఈ వ్యాఖ్యానం ఏ వేదాంత కళాశాలలోనూ చెప్పరు. అయినా రెండో చెయ్యి కూడా ఆవిడ ముందు పెట్టాను. మళ్ళీ చదవమన్న మాట మాత్రం నేను పట్టించుకోలేదు. దాని ఫలితం రెండు నెలలు తిరక్కుండా అనుభవించాను.

మామ్మకు కంట్లో శుక్లం ఆపరేషను చేశారు. ఆ నెల మొదటి ఆదివారం ఆవిడ మంచం మీద ఉంది. రొట్టె ముందే కాల్చి పెట్టి, గుమ్మం దగ్గర చేతులు చూసే పని నాకు అప్పగించింది. నాకు ఇంతకన్నా ఏం కావాలి? అయ్యగారి వేళ్ళు రెండేసి సార్లు తిప్పి చూశాను. తోటివాళ్ళిద్దరిలో ఒకాయన్ను కుళాయికి పంపాను. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

మా దగ్గర విశ్వాసులు ముందుకు వచ్చి, బల్ల ముందున్న కటకటాల దగ్గర మోకరించి, అరచేతులు చాపుతారు. నేను ముక్కలు పెట్టుకుంటూ పోతున్నాను. వరస చివర రెండు చేతులు చాపి ఉన్నాయి. వేళ్ళన్నీ నల్లగా, గోళ్ళు బొగ్గులా, గోళ్ళ మూలల్లో నల్లటి పగుళ్ళు. మొహం చూశాను, నూకాలు. బాప్తిస్మంలో పెట్టిన పేరు వేరే ఉంది గానీ అందరి నోట్లోనూ నూకాలే. సంఘంలోకి వచ్చి ఏడాది కూడా కాలేదు.

"ముందు చేతులు కడుక్కుని రా అమ్మా" అన్నాను, మెల్లగానే.

నూకాలు చేతులు కొంగులోకి తీసుకుని లేచింది. పక్క గుమ్మంలోంచి బయటికి వెళ్ళింది. కుళాయి తిప్పిన చప్పుడు వినబడింది. మేము పాట పాడాం, ముగింపు ప్రార్థన చేశాం, కుళాయి పారుతూనే ఉంది. నేను వెళ్ళి చూస్తే సబ్బు సగానికి అరిగి ఉంది, మనిషి లేదు. కుళాయి కట్టేసి వచ్చాను. తరువాతి ఆదివారం ఆవిడ కూర్చునే చోటు ఖాళీ.

మామ్మ కబురు పెట్టింది. వెళ్ళేసరికి కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాను. నా చేతులు ఇమ్మని, పది గోళ్ళూ తన వేలి కొసలతో తడిమింది.

"బాగున్నాయి" అంది. మళ్ళీ ఒకసారి తడిమి, "మరీ బాగున్నాయి" అంది.

అప్పుడు చెప్పింది. నూకాలు జీడిపిక్కల షెడ్డులో పిక్కలు ఒలుస్తుంది. పిక్క తొక్కలో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది, గోటిని నల్లగా చేస్తుంది. శనివారాలు షెడ్డు వదిలాక, మేమందరం వెళ్ళిపోయాక, నూకాలు మామ్మ దగ్గరకు వచ్చేది. ఆ చేతులకు నిమ్మకాయ లేదు, పంచదార లేదు. వెచ్చటి నీళ్ళూ, ఆముదమూ, మెత్తటి గుడ్డా, అంతే. నాకు అప్పటిదాకా జీడిపప్పు తినడం తెలుసు గానీ, అది ఒలిచే చేతులు ఎలా ఉంటాయో తెలియదు.

"అది మురికి కాదురా, జీడి. నువ్వు రుద్దినా పోదు, నాను రుద్దినా పోదు. గోరు పెరిగి, కొసకొచ్చి, కత్తిరిత్తే పోద్ది. ఆ లోపల మల్లీ అంటుకుంటాది. ఆ నూకాలు గుంట సబ్బరగదీసిందంట గదా."

నేను కట్టేసి వచ్చిన కుళాయి గుర్తుకొచ్చింది.

మామ్మ ఒకటే చెప్పింది. వచ్చే మొదటి ఆదివారం నూకాలు బల్ల దగ్గరకు రాకపోతే రొట్టె కాల్చనంది. ఈ మాట సంఘంలో పాకింది. కొట్లో బ్రెడ్డు తెచ్చుకోవచ్చు కదా అని ఒక పెద్దాయన సలహా ఇచ్చారు. అయ్యగారు ఆయన్ను చూసిన చూపుకు మళ్ళీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

నేను నూకాలు ఇంటికి వెళ్ళాను. అరడజను ఆపిల్ పళ్ళు, క్షమాపణ గురించి నాలుగు వచనాలు పట్టుకెళ్ళాను. కుర్చీ వేసింది, టీ ఇచ్చింది, చేతులు మాత్రం కొంగులోంచి తియ్యలేదు. పర్లేదు బాబూ, మీరు పెద్దోరు, మీకేటి అంది. ఆ మాట అంత మర్యాదగా ఎవరు అన్నా దాని అర్థం ఒకటే, నేను రాను అని. మామ్మతో వచ్చి చెప్పాను. ఆపిల్ పళ్ళు తిన్నదా అని అడిగింది. తెలియదన్నాను.

"రేపు శనోరం షెడ్డుకెల్లి పిక్కలొలుసు. సాయంత్రం దాకా ఒలుసు. ఎల్లుండి ఆ సేతుల్తోటే రొట్టె పంచు."

షాపు ఉందన్నాను. బల్లకు ఇది తగదేమో అన్నాను. ఆవిడ ఆకుపచ్చ గుడ్డ కింద నుంచి నన్ను చూడకుండానే చూసింది. అయ్యగారిని అడుగుతానన్నాను. అడుగు అంది. అడిగాను. అయ్యగారు చాలాసేపు ఆలోచించి, మామ్మ చెప్పిందా అన్నారు. చెప్పిందన్నాను. మరి నన్ను ఎందుకు అడుగుతున్నావు అన్నారు.

షెడ్డులో ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. సూపర్‌వైజరు నన్ను చూసి, ఫోను బాగుచెయ్యడానికి వచ్చాననుకుని తన ఫోను తీసి ఇవ్వబోయాడు. పని నేర్చుకోవడానికి వచ్చానంటే నమ్మడానికి కొంతసేపు పట్టింది. నన్ను నూకాలు పక్కనే కూర్చోబెట్టారు. ఆవిడ తలెత్తలేదు. గంట గడిచింది. నేను ఒలిచిన పప్పులో ఒక్కటీ నిండుగా రాలేదు, అన్నీ బద్దలు, ముక్కలు. చివరికి ఆవిడే ఆగలేక కొబ్బరినూనె, బూడిద ఉన్న మూకుడు నా వైపు తోసింది.

"ముందు అది రాసుకోండి బాబూ. సేతులు కాలిపోతాయి. ఒట్టి సేతుల్తో ఎవులైనా కూకుంటారా?"

అటు పక్కావిడ, ఈ బాబు గుడిలో కూడా ఇలాగే ముక్కలు చేసి పంచుతాడా అని అడిగింది. షెడ్డంతా నవ్వింది. నూకాలు నవ్వలేదు గానీ పెదవి కొరుక్కుంది. బేగి తియ్యండి, పాట పాడండి, ఆ గోరు పెంచుంటే పిక్క తొక్క తియ్యడానికి పనికొచ్చేది కదా అని ఒక్కొక్కరూ ఒక్కో మాట. నా చిటికెన వేలి కథ అక్కడికీ చేరిందన్న మాట. మర్నాడు ఆ చేతులతోనే రొట్టె పంచాలన్న మామ్మ మాట కూడా నా చేత చెప్పించారు. సాయంత్రానికి పది గోళ్ళూ నల్లబడ్డాయి. బూడిద రాసుకోని మొదటి గంటకు శిక్షగా బొటనవేలి పక్క చర్మం పొంగింది.

అక్కడి నుంచి నేరుగా మామ్మ దగ్గరకు వెళ్ళాను. రొట్టె పిండి కలుపుతోంది. నూకాలు వస్తానందా అని అడిగింది. అనలేదన్నాను. అయినా ఆవిడ చెయ్యి ఆగలేదు. రాకపోతే రొట్టె లేదన్నారు కదండీ అంటే, నమ్మి కలుపుతున్నానంది. విశ్వాసం గురించి నేను అప్పటికి ఎన్ని పాఠాలు చెప్పానో లెక్కలేదు. ఆ పిండి ముందు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

ఆదివారం మామ్మ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. నా వంతు వచ్చింది. వేళ్ళు పట్టుకుని వెలుతురులోకి తిప్పింది. గోటి కింద వేపపుల్ల పెట్టి చూసింది. నలుపు ఉంది, మురికి లేదు.

"కానియ్" అని పళ్ళెం ఇచ్చింది.

మోకరించిన వాళ్ళు నా వేళ్ళు చూసి, అయ్యగారి మొహం చూశారు. అయ్యగారు పైకప్పు చూశారు. ఒకాయన చెయ్యి చాపి, వెనక్కి తీసుకుని, మామ్మ నల్లకళ్ళద్దాలు తన వైపే తిరిగి ఉండడం చూసి మళ్ళీ చాపారు. వరసలు అయిపోవస్తున్నాయి. నూకాలు లేదు. పళ్ళెంలో నాలుగు ముక్కలు మిగిలాయి.

వెనక గుమ్మం దగ్గర అలికిడి అయింది. షెడ్డు ఆడవాళ్ళు ముగ్గురు, బాబు నిజంగా ఆ చేతులతో నిలబడతాడో లేదో చూడడానికి వచ్చారు. వాళ్ళ ముందు నూకాలు. నిదానంగా నడిచి వచ్చి, కటకటాల చివర మోకరించింది. చేతులు కొంగులోనే ఉన్నాయి. నేను ముక్క పట్టుకుని ఆగాను. ఆవిడ నా వేళ్ళ వైపు చూసింది. ఒక్కో వేలూ చూసింది, మామ్మ చూసినట్టే. తరువాత కొంగులోంచి చేతులు తీసి చాపింది.

నా నల్ల వేళ్ళలోంచి ఆ నల్ల అరచేతిలోకి రొట్టె వెళ్ళింది. ఆమెన్ అనాల్సిన చోట నూకాలు గొంతు తగ్గించి, "బొటనేలికి ఆముదం రాయండి బాబూ, సీలిపోద్ది" అంది.

నేను ఆమెన్ అన్నాను.

ఆ నలుపు పోవడానికి ఆరు నెలలు పట్టింది. మామ్మ చెప్పినట్టే గోటి మొదట్లో తెల్లగా సన్నటి గీత వచ్చి, నెలనెలా నలుపును ముందుకు తోసింది. షాపుకు వచ్చిన వాళ్ళందరూ ఏమైందని అడిగేవారు, నేను చెప్పేవాణ్ణి. నా జీవితంలో నేను చెప్పిన సాక్ష్యాల్లో ఎక్కువ మంది శ్రద్ధగా విన్నది అదే. ప్రతి మొదటి ఆదివారం మామ్మ గుమ్మం దగ్గర గోరు కొలిచి, ఇంకా ఇంత గర్వం ఉంది అనేది. చివరి నల్లముక్క ఆవిడే కత్తిరించింది.

మామ్మ పోయిన రోజు, పెట్టెలో పెట్టక ముందు, నూకాలు వెచ్చటి నీళ్ళ గిన్నె పట్టుకుని వచ్చింది. ఎవరినీ అడగలేదు. మామ్మ చేతులు నీళ్ళలో ఉంచి మా వైపు చూసింది. మాకు అర్థమై మూడు చరణాల పాట ఎత్తుకున్నాం. ఏడుపులో రెండో చరణం ఎవరో తప్పారు. నూకాలు మళ్ళీ పల్లవి దగ్గర నుంచి పాడించింది.

ఇప్పుడు మా సంఘానికి రొట్టె కాల్చేది నూకాలే. ఇప్పటికీ షెడ్డుకు వెళుతుంది, గోళ్ళు ఇప్పటికీ నల్లగానే ఉంటాయి. కొత్తగా వచ్చిన అయ్యగారు మొదటి ఆదివారం గుమ్మం దగ్గర ఆ చేతుల్లో పళ్ళెం చూసి ఏదో అడగబోయారు.

"నాయి తరవాత సూద్దురు గానీ, ముందు మీయి సూపించండి" అంది.

ఆయన చూపించారు. కుళాయి ఎక్కడుందో నేనే చెప్పాను.

మా అమ్మాయి ఇదంతా విని, పంచదార ముద్ద గోళ్ళకు రాసుకుంటూ, నా ఎడమచెయ్యి లాక్కుని చూసింది. చిటికెన వేలి గోరు కొంచెం పెరిగింది. ఇప్పటి ఫోన్లకు ఊడదీసే మూతలే లేవు, మరి అది ఎందుకు పెరిగిందో నాకూ తెలియదు. రేపు మొదటి ఆదివారం. గిన్నెలో కాస్త నాకు కూడా ఉంచమని చెప్పి, అగ్గిపెట్టె కోసం వంటింట్లోకి వెళ్ళాను.